జార్జ్ ఫ్లాయిడ్ కూడలి, మినియాపోలిస్ వీధి స్మారకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2020లో అమెరికాలోని మినియాపోలిస్‌లో పోలీసు మోకాలి కింద ప్రాణాలు కోల్పోయిన నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్. ఆయన పోయిన చోట వెలిసిన స్మారకం గురించి ఆ ఊరికి పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు, చదువు కోసం దిగినవాళ్లు, మాల్ ఆఫ్ అమెరికా చూసి ఇంకో పూట మిగిలినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. కొన్నిటి గురించి ఆ ఊరివాళ్లే ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు.

స్మారకం సరిగ్గా ఎక్కడుంది?

నగరం దక్షిణ భాగంలో, 38వ వీధి, షికాగో అవెన్యూ కలిసే చోట. పేరు చూసి షికాగో నగరం అనుకోకండి, అది మినియాపోలిస్‌లో ఒక రోడ్డు పేరు. జనం దీన్ని జార్జ్ ఫ్లాయిడ్ స్క్వేర్ అంటారు. 37వ వీధి నుంచి 39వ వీధి దాకా ఉన్న ఆ ముక్కకు నగరం అధికారికంగా కూడా ఆయన పేరు పెట్టింది. ఆ పేరున్న వీధి బోర్డులను 2022 మే 25న, ఆయన పోయి రెండేళ్లయిన రోజున ఆవిష్కరించారు.

గేటు, టికెట్టు, పనివేళలు ఏమీ లేవు. ఇళ్లు, చర్చి, దుకాణాలు ఉన్న మామూలు నాలుగు రోడ్ల కూడలి. స్మారకం ఆ రోడ్డు మీదే ఉంది, పక్కన ఇంకో స్థలంలో కాదు. తర్వాత వచ్చిన గొడవలన్నీ ఇక్కడి నుంచే మొదలయ్యాయి.

అక్కడ అసలేం జరిగింది?

2020 మే 25, మెమోరియల్ డే సెలవు రోజు, సాయంత్రం ఎనిమిది దాటాక. కూడలిలోని కప్ ఫుడ్స్ అనే దుకాణంలో సిగరెట్ల కోసం దొంగ 20 డాలర్ల నోటు ఇచ్చాడన్న ఫిర్యాదు మీద పోలీసులు వచ్చారు. 46 ఏళ్ల జార్జ్ ఫ్లాయిడ్‌కు బేడీలు వేసి రోడ్డు మీద బోర్లా పడుకోబెట్టారు. డెరెక్ షావిన్ అనే అధికారి ఆయన మెడ మీద మోకాలు పెట్టి తొమ్మిది నిమిషాలకు పైగా అలాగే ఉన్నాడు. ఊపిరాడడం లేదని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు, అమ్మను పిలిచాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు వదలమని బతిమాలారు, తిట్టారు. మరో ముగ్గురు పోలీసులు అక్కడే ఉన్నారు.

పోలీసు శాఖ మొదట ఇచ్చిన ప్రకటనలో మోకాలి ప్రస్తావనే లేదు. పోలీసులతో వ్యవహారం మధ్యలో ఒక వ్యక్తికి వైద్య సమస్య వచ్చి చనిపోయాడన్నట్టు రాశారు. అటుగా వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి ఫోన్‌లో తీసిన వీడియో ఆ రాత్రే బయటకు వచ్చింది. లేకపోతే ఆ ప్రకటనే చరిత్రగా మిగిలేది. మర్నాడు నలుగురు పోలీసులనూ ఉద్యోగం నుంచి తీసేశారు. 2021లో జర్నలిజం అవార్డులిచ్చే పులిట్జర్ బోర్డు ఆ అమ్మాయికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది.

కొన్ని గోడల మీద 8:46 అని, కొన్నిటి మీద 9:29 అని ఉంటుంది. ఏది కరెక్టు?

రెండూ ఆ మోకాలు మెడ మీద ఉన్న సమయాన్నే చెబుతాయి. మొదట్లో ప్రాసిక్యూషన్ కాగితాల్లో 8 నిమిషాల 46 సెకన్లు అని వచ్చింది. ఆ వేసవిలో ఎక్కడ చూసినా ఆ అంకెలే. జనం అంతసేపు మౌనంగా నేల మీద పడుకుని నిరసన తెలిపారు. పోలీసుల ఒంటి మీది కెమెరాల వీడియోలు బయటకొచ్చాక, 2021 విచారణలో అది 9 నిమిషాల 29 సెకన్లని తేలింది. అంచేత 8:46 అని ఉంటే ఆ బొమ్మ తొలి నెలల్లో వేసిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఇవన్నీ ఎవరు పెట్టారు? ప్రభుత్వమా?

కాదు. ఆ ప్రాంతం అర్థం కావాలంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

మర్నాడు పొద్దున్నే చుట్టుపక్కలవాళ్లు పూలు తెచ్చి, ఆయన పడి ఉన్న చోట, దుకాణం పక్క రోడ్డు అంచున పెట్టారు. సాయంత్రానికి వేలమంది చేరారు. అక్కడి నుంచి రెండు మైళ్లకు పైగా నడిచి థర్డ్ ప్రీసింక్ట్ పోలీస్ స్టేషన్ దాకా ఊరేగింపుగా వెళ్లారు. రాత్రిళ్లు స్టేషన్ దగ్గర టియర్ గ్యాస్, రబ్బరు బుల్లెట్లు. ఇక్కడ కూడలిలో కొవ్వొత్తులు, ప్రార్థనలు, పాటలు, ఉచిత భోజనాలు. ఒకే వారంలో ఒకే ఊళ్లో ఈ రెండూ నడిచాయి. టీవీలో మొదటిదే ఎక్కువ కనిపించింది.

కార్లు జనం మధ్యలోకి రాకుండా నివాసులు చేతికి దొరికిన సామానుతో నాలుగు దారులూ అడ్డుకట్టారు. తర్వాత నగరమే కాంక్రీటు దిమ్మలు తెచ్చి పెట్టింది. అలా ట్రాఫిక్ ఆగిన చోట వంటలు, మందుల టెంటు, బట్టల అల్మారా, పుస్తకాల పెట్టె వచ్చాయి. చలికాలంలో నెగడు కూడా వేసుకున్నారు. కూడలిలో మూతపడ్డ పెట్రోల్ బంక్‌కు జనం ‘పీపుల్స్ వే’ అని పేరు పెట్టి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అక్కడ సమావేశమయ్యేవారు. ధరల బోర్డు మీద పెట్రోలు రేటు పోయి నినాదాలు వచ్చాయి. ఆ బంకును నగరం 2023లో కొనేసింది.

ఏ కమిటీ ప్లాన్ గీయలేదు, ఏ మంత్రీ శంకుస్థాపన చేయలేదు. ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి పెట్టారు. అందుకే మొదటిసారి చూసినవాళ్లకు కాస్త గజిబిజిగా అనిపిస్తుంది.

వెళ్తే ఏమేం చూడాలి?

ముందు కప్ ఫుడ్స్ పక్క గోడ మీది చిత్రం చూడండి (2023లో దుకాణం పేరు యూనిటీ ఫుడ్స్‌గా మార్చారు). నీలం గోడ మీద ఫ్లాయిడ్ ముఖం, వెనుక పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు. ఆ పువ్వు మధ్యభాగంలో చిన్న అక్షరాలతో ఉన్నవి పోలీసుల చేతుల్లో చనిపోయిన మరికొందరి పేర్లు. దూరం నుంచి గింజల్లా కనిపిస్తాయి, దగ్గరకు వెళ్తేనే చదవగలం. గ్రేటా మెక్‌లేన్, జీనా గోల్డ్‌మన్, కాడెక్స్ హెరెరా అనే స్థానిక కళాకారులు సంఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే దాన్ని వేశారు. ప్రపంచమంతా పత్రికల్లో పడిన బొమ్మ ఇదే.

కూడలి నట్టనడుమ పైకెత్తిన పిడికిలి శిల్పం ఉంటుంది. జోర్డన్ పావెల్ కారిస్ 2020 వేసవిలో మొదట దాన్ని చెక్కతో చేసి నిలబెట్టాడు. 2021 జనవరిలో దాని స్థానంలో స్టీలుది వచ్చింది. దాని చుట్టూ గుండ్రంగా మొక్కలు పెంచారు.

షికాగో అవెన్యూ మీద రంగులతో రాసిన పేర్ల వరుస ఉంది. కింద చూసుకుంటూ నడవండి, పేరు మీద అడుగు పడకుండా తప్పించుకోవడం మీకే తెలియకుండా అలవాటవుతుంది.

అక్కడి నుంచి ఒక వీధి ఉత్తరానికి, పార్క్ అవెన్యూ వైపు నడిస్తే పచ్చిక మైదానంలో వరసగా తెల్లటి సమాధి ఫలకాలు. ఎవరినీ అక్కడ పాతిపెట్టలేదు. పోలీసుల చేతుల్లో ప్రాణాలు పోయిన నల్లజాతి మనుషుల పేర్లు, తేదీలు మాత్రమే ఉంటాయి. 2020 జూన్‌లో ఇద్దరు యువ కళాకారులు వంద ఫలకాలతో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. నన్నడిగితే కూడలి కన్నా ఇక్కడే ఎక్కువసేపు నిలబడాలి. కూడలిలో చూడడానికి చాలా ఉంటాయి కాబట్టి చూపు అటూ ఇటూ పోతూ ఉంటుంది. ఇక్కడ చదవడం తప్ప వేరే పని లేదు. వయసులు లెక్కేసుకుంటూ ఒక వరుస పూర్తి చేసేసరికి మాట పెగలదు.

పూలు, ఉత్తరాలు, బొమ్మలు వానకి, మంచుకి పాడైపోవా?

పాడవుతాయి. మినెసోటా చలికాలం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయే రాత్రులుంటాయి. తెల్లారేసరికి గ్లాసులో కొవ్వొత్తి మీద మంచు పేరుకుంటుంది. స్కెచ్ పెన్నుతో రాసిన అట్ట మీద వాన పడితే రంగు కారి, పేరు పోయి ఒక నీలి మరక మిగులుతుంది.

దీన్ని చూసుకోవడానికి ఇరుగుపొరుగువాళ్లే పూనుకున్నారు. అక్కడికి కొన్ని వీధుల దూరంలో పెరిగిన జెనెల్ ఆస్టిన్ అనే ఆవిడ పొద్దున్నే వచ్చి చెత్త ఏరడం, పడిపోయినవి నిలబెట్టడం, తడిసినవి సర్దడం మొదలుపెట్టింది. తోడుగా ఇంకొందరు చేరారు. వాళ్లు పెట్టుకున్న నియమాలు రెండు. ఇక్కడ ప్రతిదీ ఎవరో ఒకరు సమర్పించింది కాబట్టి ఏదీ పారేయకూడదు. ఈ స్మారకం కన్నా మనుషులే ఎక్కువ పవిత్రం. మొదటిది వింటే ఛాదస్తంగా అనిపించవచ్చు. నలిగిన పోస్టరు, చిరిగిన టెడ్డీబేర్ కూడానా అంటే, అవును, అవి కూడా. లోపలికి తీసుకెళ్లి ఆరబెట్టి, శుభ్రం చేసి, ఫోటో తీసి, జాబితా రాసి దాచారు. మ్యూజియం వస్తువులను బాగుచేసే నిపుణులు దగ్గరుండి పని నేర్పించారు. అలా దాచినవి ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. మొక్కల కోసం నడిరోడ్డు మీదే ఒక గ్రీన్‌హౌస్ కూడా కట్టుకున్నారు.

మొదట జార్జ్ ఫ్లాయిడ్ గ్లోబల్ మెమోరియల్ పేరుతో ఉన్న ఈ సంస్థ తర్వాత రైజ్ అండ్ రిమెంబర్‌గా మారింది. ఏటా మే 25 ప్రాంతంలో కార్యక్రమాలు జరుపుతారు.

ఆ కూడలిని రాయి మీద చెక్కిన పేరు నిలబెట్టలేదు, పొద్దున్నే చీపురు పట్టుకుని వచ్చిన మనుషులు నిలబెట్టారు. పిడికిలి శిల్పం ఫోటో అందరి ఫోన్లలోనూ ఉంది. చెత్త ఏరేవాళ్లను ఎవరూ ఫోటో తీయరు, అదే బాధ.

ప్లైవుడ్ మీద బొమ్మల సంగతి విన్నాం. అవి ఏమయ్యాయి?

మే చివరి వారంలో లేక్ స్ట్రీట్, అప్‌టౌన్, డౌన్‌టౌన్ అంతటా దుకాణాలవాళ్లు అద్దాలు పగలకుండా ప్లైవుడ్ షీట్లు కొట్టించుకున్నారు. మొదట్లో వాటి మీద రాసినవి ప్రాణభయంతో రాసినవి. ఇది నల్లజాతివారి షాపు, ఇది మైనారిటీలది, పైన మనుషులు కాపురం ఉంటున్నారు, దయచేసి తగలబెట్టొద్దు అని. రెండుమూడు రోజుల్లో చిత్రకారులు, బడి పిల్లలు, దారినపోయేవాళ్లు రంగులు తీసుకుని దిగారు. ఊరంతా ఒక బొమ్మల గోడ అయిపోయింది.

షాపులు మళ్లీ తెరిచేటప్పుడు ఆ షీట్లను ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. కొన్ని చెత్తలోకి పోయాయి. అప్పుడే లీసా కెల్లీ, కెండా జెల్నర్-స్మిత్ అనే ఇద్దరు నల్లజాతి యువతులు విడివిడిగా వాటిని సేకరించడం మొదలుపెట్టి, తర్వాత చేతులు కలిపారు. షాపు షాపుకీ వెళ్లి అడగడం, ట్రక్కు తెచ్చుకోవడం, మోయడం, గోడౌన్ వెతుక్కోవడం, అన్నీ వాళ్లే. కెల్లీ నడిపే మెమోరియలైజ్ ది మూవ్‌మెంట్ దగ్గర ఇప్పుడు వెయ్యికి పైగా పలకలు ఉన్నాయి. అప్పుడప్పుడు బయట ప్రదర్శనకు పెడతారు.

దాచడం తేలికేం కాదు. ప్లైవుడ్ చవక సరుకు, పది కాలాలు నిలవడానికి చేసింది కాదు. తేమ తగిలితే పొరలు విడిపోతుంది. స్ప్రే పెయింట్ ఎండకు వెలుస్తుంది.

వీటితో పాటు ఇంకో పని కూడా జరిగింది. పక్కనే ఉన్న సెయింట్ పాల్‌లోని సెయింట్ థామస్ యూనివర్సిటీ అధ్యాపకులు హెదర్ షైరీ, టాడ్ లారెన్స్, పాల్ లోరా ఈ వీధి చిత్రాలకు ఆన్‌లైన్ భాండాగారం ఒకటి తయారుచేశారు. అందమైన మ్యూరల్స్‌తో పాటు కరెంటు స్తంభం మీద మార్కర్‌తో గీకిన బూతు, స్టిక్కరు, సగం చెరిపేసిన నినాదం అన్నీ అందులో ఎక్కిస్తారు. ఇది చాలా తెలివైన పని. అందమైనవే దాస్తే ఆ వేసవి అంతా పొద్దుతిరుగుడు పువ్వులే అనుకుంటాం. ఆ గోడల మీద కోపం కూడా ఉంది.

తగలబడ్డ లేక్ స్ట్రీట్ సంగతి? అక్కడ గుర్తులేమైనా ఉన్నాయా?

లేక్ స్ట్రీట్, మిన్నెహాహా అవెన్యూ కలిసే చోట థర్డ్ ప్రీసింక్ట్ స్టేషన్ ఉండేది. మే 28 రాత్రి మేయర్ జేకబ్ ఫ్రే ఆదేశంతో పోలీసులు దాన్ని ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ వెంటనే అది మంటల్లో చిక్కుకుంది. మర్నాడు కర్ఫ్యూ. నేషనల్ గార్డ్ దిగింది. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో దెబ్బతిన్న భవనాలు వందల్లో ఉన్నాయి, నష్టం దాదాపు 50 కోట్ల డాలర్లని అంచనా. పోస్టాఫీసు పోయింది. స్థానిక ఆదివాసీ యువత కోసం నడిచే మిగిజీ సంస్థ కొత్తగా బాగుచేసుకున్న భవనం పోయింది. వలస వచ్చి పైసా పైసా కూడబెట్టుకున్నవాళ్ల షాపులూ పోయాయి.

మనవాళ్లు తప్పకుండా అడిగేది గాంధీ మహల్ గురించి. స్టేషన్‌కు దగ్గర్లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుటుంబం నడిపిన భారతీయ హోటల్ అది. గొడవలు మొదలైన రాత్రుల్లో దెబ్బలు తగిలినవాళ్లకు కట్లు కట్టే వలంటీర్లకు ఆ హోటల్లోనే చోటిచ్చారు. చివరికి పక్కన అంటుకున్న మంటలు దానికీ పాకాయి. నా భవనం కాలితే కాలనీ, న్యాయం జరగాలి అని యజమాని అన్న మాటను కూతురు సోషల్ మీడియాలో పెడితే దేశమంతా చదివింది. ఆ మాట నచ్చనివాళ్లు కూడా ఉన్నారు. అదే వీధిలో సర్వం పోగొట్టుకుని, ఆ ఉదారత తమవల్ల కాదన్న వ్యాపారుల బాధ కూడా నిజమే. ఇద్దరిలో ఒకరినే వినడం ఆ వీధికి అన్యాయం.

స్టేషన్ భవనం చాలాకాలం కంచె వెనకాల మసిబారి అలాగే ఉండిపోయింది. దాన్ని ఎన్నికల సేవలకు, సమాజ అవసరాలకు వాడాలని నగరం ప్లాన్ వేసింది.

విగ్రహం పెట్టలేదా?

ఆ కూడలిలో లేదు. న్యూజెర్సీలోని న్యూఆర్క్ సిటీ హాల్ ముందు 2021 జూన్‌లో 700 పౌండ్ల కంచు విగ్రహం పెట్టారు, బెంచీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. బెర్లిన్, నైరోబీ, సిరియాలో ఇద్లిబ్‌లోని కూలిన ఇంటి గోడ, ఇలా ప్రపంచమంతా బొమ్మలు వెలిశాయి. ఆయన సమాధి టెక్సాస్‌లో, హ్యూస్టన్ పక్కనున్న పియర్‌ల్యాండ్‌లో, తల్లి సమాధి దగ్గర ఉంది.

రోడ్డు తెరవాలా వద్దా అన్న గొడవ ఏమిటి?

ఇది ఒక పక్షం మంచి, ఒక పక్షం చెడు అని తేల్చే గొడవ కాదు.

కూడలిని కాపాడుతున్న నివాసులు 2020 ఆగస్టులో 24 డిమాండ్లు రాసి నగరం ముందు పెట్టారు. పాత కేసుల విచారణ మళ్లీ తెరవాలని, ఆ ప్రాంతంలో ఉపాధికి, ఇళ్లకు, ఆరోగ్యానికి నిధులు పెట్టాలని, ఇలా. న్యాయం లేకపోతే వీధి లేదు అన్నది వాళ్ల నినాదం. అడ్డుకట్టలు తీసేస్తే తమ చేతిలో బేరానికి ఇంకేమీ మిగలదని వాళ్లకు తెలుసు.

రెండో వైపు చూడండి. బస్సులు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అంబులెన్సు టైముకు వస్తుందో రాదో అని జనానికి టెన్షన్. రాత్రిళ్లు కాల్పులు జరిగాయి, 2021 మార్చిలో ఒకరు చనిపోయారు. కొనేవాళ్లు రాక షాపులవాళ్లు నష్టపోయారు, కొందరు నగరం మీద దావా కూడా వేశారు. ఆ వ్యాపారుల్లో చాలామంది నల్లజాతివారే అన్న విషయం చాలామంది మర్చిపోతారు.

2021 జూన్ 3 తెల్లవారుజామున నగర సిబ్బంది వచ్చి కాంక్రీటు దిమ్మలు ఎత్తేశారు. పిడికిలిని మాత్రం ముట్టుకోలేదు. గంటల్లోనే నివాసులు సొంతంగా అడ్డుకట్టలు మళ్లీ పెట్టారు. కొన్ని వారాల్లో వాహనాలు తిరగడం మొదలైంది, పిడికిలిని చుట్టి నెమ్మదిగా వెళ్లాలి.

ఆ తర్వాతి వాదం కూడలి ఎలా ఉండాలన్నదాని మీద. బస్సులూ కార్లూ వెళ్లేలా, కార్యక్రమాలప్పుడు మూసేలా కట్టాలని మేయర్ వర్గం. పాదచారులకే వదిలేయాలని ఇంకొందరు. 2025 ఫిబ్రవరిలో నగర కౌన్సిల్ మేయర్ వీటోను తోసిపుచ్చి, పాదచారుల ప్లాజా ఆలోచనను పరిశీలించాలని తేల్చింది. మీటింగులు, సర్వేలు, మళ్లీ మీటింగులు. బయటివాళ్లకు విసుగు పుడుతుంది. కానీ మనిషిని చంపిన చోట మీదుగా బస్సు పోవచ్చా అన్న ప్రశ్నకు ఇంజనీర్ల దగ్గర జవాబు ఉంటుందా?

ఈ సంఘటన వల్లే ఆ ప్రాంతానికి చరిత్ర వచ్చిందా?

అంతకు చాలా ముందే ఉంది. 38వ వీధి చుట్టుపక్కల తరాలుగా నల్లజాతి కుటుంబాలు కాపురమున్న పేట. 1934లో సెసిల్ న్యూమన్ మొదలుపెట్టిన నల్లజాతి వార్తాపత్రిక స్పోక్స్‌మన్-రికార్డర్ ఆఫీసు కూడా కూడలికి పడమరగా కొన్ని వీధుల అవతలే ఉంది.

దక్షిణంగా ఎనిమిది వీధులు నడిస్తే కొలంబస్ అవెన్యూలో ఆర్థర్, ఈడిత్ లీ దంపతుల ఇల్లు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి, పోస్టల్ ఉద్యోగిగా ఉన్న లీ 1931లో ఆ ఇల్లు కొన్నారు. తెల్లవాళ్లుండే పేటలోకి నల్లజాతి కుటుంబం వచ్చిందని వేలమంది గుంపు ఇంటిని చుట్టుముట్టింది. ఆ ఇల్లు 2014లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. కూడలికి వెళ్లినవాళ్లలో నూటికి తొంభైమంది దీన్ని చూడకుండా వచ్చేస్తారు. వెళ్లండి. ఇప్పుడూ అందులో మనుషులు ఉంటున్నారు కాబట్టి బయటినుంచే చూడాలి.

జంట నగరాల్లో ఇంకెవరి స్మారకాలున్నాయి?

ఫిలాండో కాస్టీల్. బడి క్యాంటీన్ ఉద్యోగి. 2016 జులై 6న ఫాల్కన్ హైట్స్‌లో కారు ఆపిన పోలీసు కాల్చాడు. లార్పెంటర్ అవెన్యూ పక్కన ఆయన పేరిట చిన్న తోట ఉంది. బడి పిల్లల భోజనం బాకీలు తీర్చే పనిని తల్లి ఆయన పేరుతో నడిపింది.

డాంటే రైట్‌కు ఇరవై ఏళ్లు. షావిన్ విచారణ నడుస్తుండగానే 2021 ఏప్రిల్ 11న బ్రూక్లిన్ సెంటర్‌లో చనిపోయాడు. కరెంటు షాకిచ్చే టేజర్ అనుకుని తుపాకీ పేల్చానని పోలీసు అధికారిణి చెప్పింది. 38వ వీధి నుంచి తీసిన పాత చెక్క పిడికిలిని తీసుకెళ్లి ఆ చోట నిలబెట్టారు.

జమార్ క్లార్క్ 2015 నవంబరులో చనిపోయినప్పుడు ఉత్తర మినియాపోలిస్‌లోని ఫోర్త్ ప్రీసింక్ట్ స్టేషన్ ముందు జనం 18 రోజులు టెంట్లు వేసుకుని కూర్చున్నారు. నెగళ్లు, ఉచిత భోజనం, పాటలు అన్నీ అప్పుడూ ఉన్నాయి. 2020లో కూడలిని అంత త్వరగా అమర్చుకోగలిగారంటే అందులో కొందరికి ఈ అనుభవం ఉంది.

కేసు ఏమైంది?

2021 ఏప్రిల్ 20న జ్యూరీ షావిన్‌ను హత్యానేరాలతో సహా మూడు నేరాల్లోనూ దోషిగా తేల్చింది. జూన్ 25న ఇరవై రెండున్నరేళ్ల జైలు. ఫెడరల్ కేసులో ఇంకో 21 ఏళ్లు, రెండూ ఒకేసారి నడుస్తాయి. మిగిలిన ముగ్గురికీ శిక్షలు పడ్డాయి. నగరం కుటుంబానికి 2.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. పోలీసు శాఖను తీసేసి కొత్త భద్రతా విభాగం పెట్టాలన్న ప్రతిపాదనను 2021 నవంబరులో ఓటర్లే తిరస్కరించారు. నగరంతో ఫెడరల్ న్యాయశాఖ కుదుర్చుకున్న సంస్కరణ ఒప్పందాన్ని 2025 మేలో ఆ శాఖే వదులుకుంది. రాష్ట్ర మానవ హక్కుల శాఖతో కుదిరిన ఒప్పందం వేరే ఉంది.

వెళ్లడం సేఫేనా? పిల్లలను తీసుకెళ్లొచ్చా?

పగటిపూట వెళ్లండి. రాత్రి పొద్దుపోయాక తెలియని ప్రాంతంలో తిరగడానికి పాటించే జాగ్రత్తలే ఇక్కడా పాటించండి. పిల్లలను తీసుకెళ్లొచ్చు. కాకపోతే కారులోనే రెండు మాటలు చెప్పి తీసుకెళ్లండి. అక్కడికి వెళ్లాక సమాధి ఫలకాల మధ్య “వీళ్లందరినీ ఎవరు చంపారు నాన్నా?” అని అడిగితే తడబడకుండా ఉంటారు.

ఫోటోలు తీసుకోవచ్చా?

గోడలకు, శిల్పానికి తీసుకోవచ్చు. సెల్ఫీ స్టిక్ పట్టుకుని, పిడికిలి ముందు పిడికిలి ఎత్తి, నవ్వుతూ గ్రూప్ ఫోటో దిగకండి. అక్కడివాళ్లు ఏమీ అనకపోవచ్చు, కానీ ముఖం చూస్తే తెలిసిపోతుంది. పూల దగ్గర ఎవరైనా ఏడుస్తూనో మౌనంగానో నిలబడి ఉంటే వాళ్లు కదిలేదాకా ఆగండి, కెమెరా అసలే తీయకండి. తెల్లజాతి సందర్శకులు ముందు వినాలి, నేర్చుకోవాలి అంటూ ఒకప్పుడు అక్కడ బోర్డు పెట్టారు. మనకు వర్తించదులే అనుకోకుండా మనమూ పాటిస్తే పోయేదేం లేదు.

ఎలా వెళ్లాలి?

మాల్ ఆఫ్ అమెరికా నుంచి బ్రూక్లిన్ సెంటర్ దాకా నడిచే మెట్రో డి లైన్ బస్సు షికాగో అవెన్యూ మీదుగానే పోతుంది. రోడ్డు పనులున్నప్పుడు స్టాపులు మారుతుంటాయి, బయలుదేరే ముందు మెట్రో ట్రాన్సిట్ యాప్‌లో చూసుకోండి. కారు అయితే పక్క వీధుల్లో పెట్టుకోవచ్చు. అవి ఇళ్ల ముందు స్థలాలు కాబట్టి డ్రైవ్‌వేలకు అడ్డం పెట్టకండి. కాఫీ, నీళ్లు, చిరుతిళ్లు ఏవైనా కావాలంటే కూడలిలోని షాపుల్లోనే కొనండి.

ఏదైనా పెట్టి రావచ్చా?

రావచ్చు. పువ్వు సరిపోతుంది. ఉత్తరం రాస్తే తెలుగులోనే రాయండి, అక్కడ రకరకాల భాషల కాగితాలున్నాయి. వాన తగలకుండా జిప్ కవర్లో పెట్టి గాలికి ఎగరకుండా ఆనించండి. ప్లాస్టిక్ దండలు, మెరుపు కాగితాలు వద్దు, ఏదీ పారేయకూడదన్న నియమం వాళ్లది కాబట్టి మోసేదీ, ఆరబెట్టేదీ, దాచేదీ వాళ్లే. అక్కడున్నవి మాత్రం, ఎంత పాతబడినా, ఎంత చిన్నవైనా, గుర్తుగా ఉంటుందని చేతిలోకి తీసుకోకండి.